గోడ మీది మెనూ, కంచంలోని కూర: ప్రభుత్వ పాలన, సమాజ సేవ ఎలా చదవాలి?



ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన హాస్టళ్లలో ఒక సలహా చేతులు మారుతూ ఉంటుంది. "బీఏ అయితే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పెట్టుకోరా, తేలిగ్గా పాసవుతావు, రేపు గ్రూప్స్‌కు కూడా పనికొస్తుంది" అని. సీనియర్ జూనియర్‌కు చెబుతాడు, ఆ జూనియర్ మూడేళ్ల తర్వాత ఇంకొకరికి చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. కాని ఆ ఒక్క మాట మీద చేరినవాళ్లలో చాలామంది మూడేళ్లూ నిర్వచనాలు బట్టీ పట్టి, విల్సన్ ఏమన్నాడు, వైట్ ఏమన్నాడు అని రాసి, మార్కులు తెచ్చుకొని బయటికి వస్తారు. తమ సొంత స్కాలర్‌షిప్ ఏ ఆఫీసులో, ఏ బల్ల మీద ఆగిందో మాత్రం వారికి తెలియదు. ఈ సబ్జెక్టును హాస్టల్లో ఉండి చదువుకున్నవాడిగా, ఇప్పుడు పాఠం చెబుతున్నవాడిగా నాకు బాధ కలిగించేది ఇదే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ శాస్త్రం ఇంకెవరికంటే కూడా మనకే దగ్గరిది. ప్రభుత్వ నిర్ణయం అంటే ఏమిటో పట్నంలో పెద్ద కాలేజీలో చదివే అబ్బాయి పేపర్లో చదివి తెలుసుకుంటాడు. మనం దాన్ని పూటపూటా కంచంలో చూశాం. జీవో మారితే మన గుడ్డు మారుతుంది, బిల్లు ఆగితే మన కూర పలచబడుతుంది. కాబట్టి మనం పాఠాన్ని పుస్తకంతో మొదలుపెట్టి హాస్టల్‌తో ముగించనక్కర్లేదు. హాస్టల్‌తో మొదలుపెట్టి పుస్తకం దగ్గరికి పోవచ్చు.

గోడ మీద ఒకటి, కంచంలో ఒకటి

ముందుగా పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పుకుందాం. ప్రభుత్వ పాలనను ప్రత్యేకంగా అధ్యయనం చేయాలని అమెరికాలో ఉడ్రో విల్సన్ 1887లో ఒక వ్యాసం రాశాడు. అప్పటికి ఆయన అధ్యాపకుడు, దేశాధ్యక్షుడు కావడం చాలా తర్వాతి సంగతి. 1926లో ఎల్.డి.వైట్ మొదటి పాఠ్యపుస్తకం రాశాడు. 1937లో లూథర్ గులిక్ పాలకుడి పనులను ఏడుగా విడదీసి, వాటి మొదటి అక్షరాలతో పోస్డ్‌కార్బ్ అనే మాట తయారు చేశాడు. ప్రణాళిక, నిర్మాణం, సిబ్బంది, నిర్దేశం, సమన్వయం, నివేదన, బడ్జెట్. పరీక్షలో ఇది తప్పక వస్తుంది. బట్టీ పట్టే ముందు ఒక రోజంతా మీ వార్డెన్ గారిని గమనించండి. పొద్దున ఇండెంట్ రాయడం, కామాటి రాకపోతే వాచ్‌మన్‌ను వంటగదిలోకి పంపడం, ఏఎస్‌డబ్ల్యూవో గారికి ఫోన్లో హాజరు చెప్పడం, కిరాణా కొట్టు ఆయనకు నచ్చజెప్పడం చూస్తే ఏడు పనులూ సాయంత్రం లోపే కనిపిస్తాయి. ఆ తర్వాత ఆ జవాబు మర్చిపోమన్నా మర్చిపోలేరు.

ఇంతకంటే ముఖ్యమైన పాఠం ఫ్రెడ్ రిగ్స్ అనే పండితుడిది. ఈయన థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, భారతదేశం వంటి దేశాల పాలనను పరిశీలించి 1964లో ఒక పుస్తకం వెలువరించాడు. మన సిలబస్‌లో ఆయన పేరు ప్రిజమ్ నమూనా కింద వస్తుంది. పిల్లలు ఆ పేరు చూసి భయపడతారు. అందులో ఫార్మలిజం అని ఒక మాట ఉంది. కాగితం మీద రాసిన దానికీ, వాస్తవంలో జరిగే దానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆయన ఆ మాటతో సూచించాడు. చట్టం ఉంటుంది, నియమం ఉంటుంది, ఆఫీసుకు పేరూ బోర్డూ ఉంటాయి, పని మాత్రం మరో దారిలో జరుగుతుంది.

దీనికి ఉదాహరణ కోసం మనం థాయ్‌లాండ్ దాకా పోనక్కర్లేదు. మెస్ హాలు గోడ మీద పెయింటుతో రాసిన మెనూ బోర్డు చూడండి. సోమవారం ఏమిటి, మంగళవారం ఏమిటి, ఎన్ని గ్రాముల పప్పు, వారానికి ఎన్ని గుడ్లు అన్నీ ఉంటాయి. ఆ తర్వాత కంచంలోకి చూడండి. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఫార్మలిజం. కొన్ని హాస్టళ్లలో ఆ దూరం చాలా తక్కువ, వంట చేసే అమ్మ పుణ్యమా అని గోడ మీద లేనిది కూడా కంచంలోకి వస్తుంది. కొన్నింటిలో ఆ దూరం కొలవడానికి టేపు చాలదు. విద్యార్థి చేయవలసింది తిట్టుకోవడం కాదు, అది ఎందుకు వచ్చిందో కనుక్కోవడం. ధర పెరిగి చార్జీలు పెరగకపోవడమా? ఉన్నవాళ్లు అరవైమంది, రిజిస్టర్లో తొంభైమందా? సరుకు వచ్చి మాయమైందా? బిల్లు ఆలస్యమై అప్పు మీద నడుస్తోందా? ఈ నాలుగూ వేర్వేరు రోగాలు, మందులూ వేర్వేరు. అన్నింటికీ కలిపి "వార్డెన్ తినేస్తున్నాడు" అని ఒక్క మాటతో తేల్చేసేవాడు ఈ శాస్త్రం చదవనట్టే లెక్క.

వార్డెన్ సంగతి వచ్చింది కనుక మైకేల్ లిప్‌స్కీ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఈయన పుస్తకం 1980లో వచ్చింది. పోలీసు, టీచరు, సంక్షేమ శాఖ గుమాస్తా వంటి, జనంతో నేరుగా తలపడే ఉద్యోగుల మీద ఆయన దృష్టి పెట్టాడు. పై నుంచి వచ్చే విధానం ఎంత గొప్పదైనా, జనానికి చేరేటప్పటికి ఈ కిందిస్థాయి ఉద్యోగి చేసిందే విధానం అవుతుందన్నది ఆయన వాదన సారాంశం. వీరికి పని ఎక్కువ, వనరులు తక్కువ. రోజు గడవడానికి వీళ్లే కొన్ని అడ్డదారులు, అలవాట్లు కల్పించుకుంటారు. కొందరిని త్వరగా పంపేస్తారు, కొందరిని రేపు రమ్మంటారు. సెక్రటేరియట్‌లో ఎవరో సంతకం చేసిన సంక్షేమం మనకు చేరేది ఒక మనిషి చేతి మీదుగా. ఆ మనిషికి రెండు మూడు హాస్టళ్లు ఇన్‌చార్జిగా అప్పజెప్పి ఉంటే ఏమవుతుందో మీకే తెలుసు. రేపు మీలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటారు. ఆ రోజు ఈ పేజీ గుర్తుకొస్తే చాలు.

ఫైలు నడక

ఇక ఎవరూ సరిగా చెప్పని పాఠం కాగితానిది. మా విద్యార్థులను నేను మొదటి వారంలోనే ఒక జీవో తెచ్చి చదవమంటాను. జీవో నంబరుకు ముందు రెండు అక్షరాలుంటాయి. ఎంఎస్ అని ఉంటే మాన్యుస్క్రిప్టు వరస, సాధారణంగా విధానానికి సంబంధించిన ముఖ్యమైన ఉత్తర్వు. ఆర్‌టీ అని ఉంటే రొటీన్ వరస, ఒక ఉద్యోగి బదిలీ, ఒక మంజూరు వంటి విడి వ్యవహారం. పైన ఏ శాఖ జారీ చేసిందో, ఏ తేదీనో ఉంటుంది. దాని కింద 'రిఫరెన్సు' అని పాత ఉత్తర్వుల, లేఖల జాబితా ఉంటుంది. తొందరలో అందరూ వదిలేసేది ఆ జాబితానే. అసలు కథ అక్కడ ఉంటుంది. ఎవరు ఎప్పుడు అడిగితే, ఎన్నాళ్లకు ఈ ఉత్తర్వు వచ్చిందో ఆ తేదీలే చెబుతాయి. చివర ఎవరెవరికి ప్రతి పంపారో రాస్తారు. అందులో మీ జిల్లా అధికారి హోదా ఉంటే, ఉత్తర్వు తమకు అందలేదని చెప్పడం వారికి కష్టం.

జిల్లా ఆఫీసులో మీరు ఇచ్చిన అర్జీ తపాలులోకి వెళ్తుంది. దానికి ఒక నంబరు పడుతుంది. మన జిల్లా ఆఫీసుల్లో ఆర్.సి. నంబరు అంటారు. సంబంధిత సెక్షన్ గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించుకుంటాడు. ఫైలులో రెండు భాగాలుంటాయి. వచ్చిన, పోయిన ఉత్తరాలు ఒక వైపు, వాటి మీద అధికారులు రాసుకున్న అభిప్రాయాలు మరొక వైపు. ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన టొటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరుతో వచ్చిన పద్ధతి. కంప్యూటర్లో ఫైళ్లు కదులుతున్న ఈ రోజుల్లో కూడా దాని ఎముకలు అలాగే ఉన్నాయి. నంబరు తెలియకుండా ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగేవాడికీ, నంబరూ తేదీ చీటీ మీద రాసుకొని ఒక్కసారి పోయేవాడికీ తేడా మీరే చూస్తారు.

ఒక సంగతి చెబుతాను. నాకు బాగా తెలిసిన ఒక కాలేజీ హాస్టల్లో ఐదు నెలల మెస్ చార్జీలు రాలేదు. కిరాణా కొట్టు ఆయన ఇక అప్పు ఇవ్వనన్నాడు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "పై నుంచి బడ్జెట్ రాలేదు". పిల్లలు ధర్నా చేద్దామనుకున్నారు. వారిలో మన సబ్జెక్టు చదువుతున్న ఒకమ్మాయి, ముందు కాగితం పెడదామంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఒక అర్జీ పెట్టారు. అందులో "మా డబ్బులు ఎందుకు ఇవ్వలేదు" అని అడగలేదు. ఆ ప్రశ్నకు ఆఫీసు ఎలాగైనా జవాబు చెప్పవచ్చు. వాళ్లు అడిగినవి మూడే. ఫలానా నెలలకు బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఏ తేదీన వచ్చింది? ఆ నెలల బిల్లులు ట్రెజరీకి ఏ తేదీన వెళ్లాయి? ట్రెజరీ అభ్యంతరం పెట్టి ఉంటే దాని ప్రతి ఇవ్వగలరు.

ముప్ఫై రోజుల లోపే జవాబు వచ్చింది. మూడు నెలలకు సొమ్ము ఎప్పుడో విడుదలైంది. బిల్లు ట్రెజరీకి వెళ్లింది కూడా. హాజరు సంఖ్యకూ, బిల్లులో వేసిన సంఖ్యకూ పొంతన లేదని ట్రెజరీవారు వెనక్కి పంపారు. వెనక్కి వచ్చిన బిల్లు ఒక అల్మారాలో ఉండిపోయింది. దాన్ని చూసే గుమాస్తా పోస్టు ఖాళీగా ఉంది, వార్డెన్ గారికి మరో రెండు హాస్టళ్లు ఉన్నాయి. అంటే దొంగ ఎవరూ లేరు. ఒక రిజిస్టరు సరిచేసి మళ్లీ పంపితే ఆ మూడు నెలల సొమ్ము వచ్చింది. మిగతా రెండు నెలలకు నిజంగానే బడ్జెట్ రాలేదు. ఆ రెండు నెలల కోసం ధర్నా చేశారు, అందులో తప్పేమీ లేదు. ఈసారి ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలో వాళ్లకు తెలుసు.

చట్టం సంగతులు కొన్ని ఇక్కడే రాసుకోండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. జవాబుకు గడువు 30 రోజులు, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. మీ అర్జీ వేరే ఆఫీసుకు చెందినదైతే వాళ్లే 5 రోజుల్లో అక్కడికి పంపాలి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల లోపు కమిషన్‌కు రెండో అప్పీలు. నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసూ తన విధులు, సిబ్బంది, బడ్జెట్ వంటి 17 అంశాలను ఎవరూ అడగకుండానే వెల్లడించాలి. చాలా ఆఫీసుల్లో ఇది కూడా గోడ మీది మెనూ వంటిదే అనుకోండి.

2225

ఈ అంకె ఏమిటో చెప్పగలరా? ప్రభుత్వ బడ్జెట్‌లో ప్రతి ఖర్చుకూ ఒక పద్దు నంబరు ఉంటుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీల సంక్షేమానికి చేసే రెవెన్యూ వ్యయం పద్దు 2225. భవనాల వంటి వాటికి అయ్యే మూలధన వ్యయం 4225. దేశంలో ఏ రాష్ట్రం బడ్జెట్ తెరిచినా ఇవే అంకెలు. మన అన్నం, దుప్పటి, నోటు పుస్తకాలు, మన వంటవారి జీతం ఇందులోనే ఎక్కడో ఒక వరసలో ఉంటాయి.

ఆ వరసలో పక్కపక్కనే నాలుగు గడులుంటాయి. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది, ఈ ఏటికి వేసిన అంచనా, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. పేపర్లో హెడ్డింగుగా వచ్చేది చివరి గడి. "సంక్షేమానికి ఇన్ని వేల కోట్లు" అంటే అదే. చదువుకున్నవాడు చూడవలసింది మొదటి గడిని. కేటాయించడం వేరు, విడుదల చేయడం వేరు, ఖర్చు చేయడం వేరు. ఈ మూడింటి తేడా తెలిసినవాడికి ప్రసంగాలు మరో రకంగా వినిపిస్తాయి.

కేటాయించి ఖర్చు చేయకపోవడం, వేరే పనికి మళ్లించడం అనే జబ్బు మీద దళిత, గిరిజన సంఘాలు ఎన్నో ఏళ్లు పోరాడితేనే 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. జనాభా నిష్పత్తిలో నిధులు వేయాలన్న ఆలోచన అంతకు చాలా ముందుది. గిరిజన ఉపప్రణాళిక 1970ల మధ్యలో, ఎస్సీల ప్రత్యేక అంశ ప్రణాళిక ఆ దశాబ్దం చివర మొదలయ్యాయి.

స్కాలర్‌షిప్ కథ కూడా బడ్జెట్ కథే. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, అంటే స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. చాలాకాలం ఇందులో ఒక చిక్కుముడి ఉండేది. ఒక ప్రణాళిక కాలం ముగిసేనాటికి రాష్ట్రంలో ఎంత ఖర్చు అవుతోందో అంత భారం ఆ తర్వాత రాష్ట్రమే మోయాలి, దానికి మించిన దాన్నే కేంద్రం ఇస్తుంది. ప్రతి ప్రణాళికకూ రాష్ట్రాల భారం పెరుగుతూ, కేంద్రం వాటా తరుగుతూ పోయింది. మధ్యలో ఆగిపోయింది విద్యార్థి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ లెక్కను మార్చి, కేంద్రం 60, రాష్ట్రం 40 అనే పద్ధతి తెచ్చింది. కాలేజీ వాళ్లు ఫీజు కట్టలేదని హాల్ టికెట్ ఆపినప్పుడు, ఈ లెక్క తెలిసినవాడు కనీసం రెండు ప్రభుత్వాల్లో ఎవరి వాటా రాలేదని అడగగలడు.

బాబాసాహెబ్ అంబేద్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా తలుచుకుంటాం. ఆయన 1915లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎంఏ పట్టా కోసం రాసిన వ్యాసం దేని మీదో మన హాస్టళ్లలో తెలిసినవారు తక్కువ. ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద. తర్వాత 1925లో అచ్చయిన ఆయన గ్రంథం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా ఏర్పడిందన్నదాని మీద. అంటే పన్ను ఎవరి దగ్గర వసూలైంది, ఎవరి మీద ఖర్చయింది అన్న ప్రశ్నతోనే ఆయన చదువు సాగింది. అదే 1925లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో విద్యార్థుల కోసం ఒక హాస్టల్ తెరిచింది. పద్దులు చదవడం, హాస్టల్ నడపడం ఆయనకు రెండు వేర్వేరు పనులు కావు.

సేవ ఎక్కడ ముగుస్తుంది, పాలన ఎక్కడ మొదలవుతుంది

సమాజ సేవ అనగానే మనవాళ్లకు పండ్లు పంచడం, రక్తదానం, ఎన్ఎస్ఎస్ క్యాంపులో రోడ్డు ఊడ్చి ఫొటో దిగడం గుర్తొస్తాయి. ఎన్ఎస్ఎస్‌ను నేను తక్కువ చేయడం లేదు. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఆ పథకం ఊరంటే తెలియని ఎందరినో ఊరికి పంపింది. కాని మన పిల్లలకు ఊరు కొత్త కాదు. మన వాడలో వారం రోజులు చెత్త ఎత్తి వస్తే, ఎనిమిదో రోజు చెత్త ఎవరు ఎత్తాలి? ఈ ప్రశ్న దగ్గరే సేవ, పాలన కలుస్తాయి.

అమెరికాలో జేన్ ఆడమ్స్ అనే ఆమె 1889లో షికాగో నగరంలో వలస కూలీల పేటలో హల్ హౌస్ అనే కేంద్రం తెరిచింది. సమాజ సేవను ఒక వృత్తి విద్యగా తీర్చిన తొలితరంలో ఆమె ఒకరు. పిల్లలకు చదువు, తల్లులకు సాయం అన్నీ నడిపింది. పేటలో చెత్త కుళ్లి పిల్లలు జబ్బుపడుతుంటే తాము ఎంత ఊడ్చినా లాభం లేదని గ్రహించి, 1895లో ఆ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టరు ఉద్యోగం తీసుకుంది. పొద్దున్నే లేచి చెత్త బండ్ల వెంట తిరిగింది. దయతో మొదలైన పని పద్ధతిలోకి మారిన క్షణం అది. నోబెల్ శాంతి బహుమతి ఆమెకు 1931లో వచ్చింది. నాకైతే ఆ బహుమతి కంటే ఆ చెత్త బండే ఎక్కువ గుర్తుంటుంది.

మన దగ్గర కూడా ఆ దారి ఉంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు గత శతాబ్దం తొలి దశకాల్లో దళిత పిల్లల కోసం ఒకటి తర్వాత ఒకటిగా బడులు పెట్టారు. విరాళాలతో, సంఘం బలంతో నడిచిన ఆ బడుల బాధ్యతను తర్వాత నిజాం ప్రభుత్వం తీసుకుంది. దాత మీద ఆధారపడిన బడి దాత అలసిపోతే మూతపడుతుంది. ప్రభుత్వ పద్దులోకి ఎక్కిన బడిని మూయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, ఆ సంతకాన్ని మనం ప్రశ్నించవచ్చు. విద్యార్థులు తగ్గారన్న కారణంతో హాస్టళ్లను మూసేయడం, పక్క హాస్టల్లో కలపడం మన కళ్ల ముందే ఎన్నోచోట్ల జరిగింది. ఎందుకు తగ్గారు, గురుకులాలకు వెళ్లారా, చదువే మానేశారా అని లెక్క తీసినవారు ఎందరు? ఈ లెక్క తీయడం నిజమైన సమాజ సేవ.

లోపలి నుంచి పనిచేసిన మనిషి గురించి చెప్పకపోతే ఈ పాఠం అసంపూర్ణం. ఎస్.ఆర్.శంకరన్ గారు తంజావూరు ప్రాంతంలో పుట్టి, 1950లలో ఐఏఎస్‌లో చేరి మన రాష్ట్రానికి వచ్చారు. నెల్లూరు కలెక్టరుగా, తర్వాత సాంఘిక సంక్షేమ శాఖ అధిపతిగా పనిచేశారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. చట్టం దేశంలో అన్ని రాష్ట్రాలకూ ఒకటే. కాని దాన్ని చేత పట్టుకొని పల్లెల్లోకి వెళ్లి, వెట్టివారికి విముక్తి కల్పించమని కింది అధికారులను వెంటబడి పనిచేయించినవారు కొందరే, వారిలో ఈయన ముందువరసలో ఉంటారు. మన సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980లలో రూపం దిద్దుకోవడంలో ఆయన పాత్ర ఉంది. 1987లో గిరిజన ప్రాంతంలో పర్యటిస్తుండగా గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయనను, తోటి అధికారులను అపహరించి, తర్వాత విడిచిపెట్టారు. త్రిపుర ప్రధాన కార్యదర్శిగా, కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా పనిచేసి 1992లో రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో, పెన్షన్‌లో పెద్ద భాగం పేద విద్యార్థుల చదువులకే పోయేది. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో కన్నుమూశారు.

సిలబస్‌లో నవ్య ప్రభుత్వ పాలన అనే పాఠం ఉంటుంది. 1968లో అమెరికాలోని మిన్నోబ్రూక్ అనే చోట యువ పండితులు సమావేశమై, పాలన అంటే పొదుపు, సామర్థ్యం మాత్రమే కాదు, సామాజిక సమానత కూడా అని వాదించారు. అధికారి తటస్థంగా ఉంటే చాలదు, వెనుకబడినవారి వైపు మొగ్గాలన్నారు. ఆ పాఠానికి పరీక్షలో ఉదాహరణ రాయమంటే మనవాళ్లు ఏవో విదేశీ పేర్లు వెతుకుతారు. శంకరన్ గారి పేరు రాయండి.

ఊరికి దగ్గరి కాలేజీ

ఇవన్నీ ఎక్కడ చదవాలి? ఢిల్లీ పోవాలా? అక్కర్లేదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనే ఏర్పాటు ఉంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఇలాంటి తొలి కాలేజీ మొదలైంది. ఇంటికి దగ్గరగా, తక్కువ ఫీజుతో, పనిచేసుకునేవారు కూడా చదివేటట్టు రెండేళ్ల కోర్సులు ఉంటాయి. అక్కడి క్రెడిట్లతో తర్వాత విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. ప్రభుత్వ పాలన, మానవ సేవలు వంటి కోర్సులు చదివి స్థానిక ఆఫీసుల్లో చేరేవారు అక్కడ ఉంటారు. మన దేశంలో ఆ పేరుతో మొదటిది 1995లో పుదుచ్చేరిలో వచ్చింది. యూజీసీ 2013-14లో ఉన్న కాలేజీల్లోనే ఇలాంటి కోర్సులు పెట్టే పథకం తెచ్చింది. అవి ఎక్కువగా వృత్తి నైపుణ్యాల వైపే సాగాయి.

మన తెలుగునాట ఆ పనిని ముందుగా చేసింది సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో దేశంలో మొట్టమొదటిదిగా హైదరాబాదు కేంద్రంగా ఏర్పడి, తర్వాత డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డి గారు ఉస్మానియాలో పాలనా శాస్త్రం, పంచాయతీరాజ్ మీద పనిచేసిన ఆచార్యులు. తర్వాత 1985లో ఇగ్నోకు కూడా ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. పాలనను చదివినవాడు పాలనతో ఏం చేయవచ్చో ఇది ఒక సాక్ష్యం. పట్టణాల్లోని డిగ్రీ కాలేజీల్లో ఆదివారాలు తరగతులు పెట్టి, కూలి పనికి పోయేవాడికి, పెళ్లయి చదువు ఆగిన ఆడపిల్లకు తెలుగులో పాఠాలు అందించారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సీటున్నవారు అక్కడే చదవండి, చదువు మధ్యలో ఆగినవారు ఈ దారి చూడండి. సమాజ సేవలో పీజీ చేయాలనుకుంటే ఆంధ్రా విశ్వవిద్యాలయం, హైదరాబాదులో రోడా మిస్త్రీ కాలేజీ, టిస్ హైదరాబాదు ప్రాంగణం వంటివి ఉన్నాయి. ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్ వర్కు తప్పనిసరి. మూల కూర్చుని చదివే అలవాటున్నవారికి మొదటి నెల కష్టంగా ఉంటుంది, మనవాళ్లకు అంత కష్టం కాదు.

ఉద్యోగాల గురించి ఒక మాట. సివిల్స్ మెయిన్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్‌గా 250 మార్కుల పేపర్లు రెండు. 2013 నుంచి ఒకే ఆప్షనల్ కనుక ఆ ఎంపిక ఆచితూచి చేసుకోండి. ఒకప్పుడు దాన్ని కళ్లు మూసుకొని తీసుకునేవారు, ఇప్పుడలా కాదు. హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసరు కావాలనుకునేవారు డిగ్రీతో పాటు బీఎడ్ ఉండాలన్న నిబంధనను నోటిఫికేషన్లో ముందే చూసుకోండి.

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు చాలామంది "పంచాయతీరాజ్ పాత్ర" అనో, "భారతదేశంలో సంక్షేమం" అనో పెట్టుకొని, పాత రికార్డు చూసి దించేస్తారు. దాని బదులు మీ హాస్టల్లో ఒక్క నెల తీసుకోండి. వార్డెన్ గారికి ముందే చెప్పి అనుమతి అడగండి, చాటుగా చేయకండి. హాజరు రిజిస్టరు, స్టాకు రిజిస్టరు, ఆ నెల బిల్లు పక్కపక్కన పెట్టండి. ఆ నెలలో గోడ మీది మెనూ ప్రకారం రావలసింది ఒక గడిలో, కంచంలోకి వచ్చింది ఇంకో గడిలో రోజువారీగా రాయండి. తేడా ఉన్న ప్రతి రోజుకూ కారణం కనుక్కొని మూడో గడిలో వేయండి. కారణం చెప్పింది ఎవరో కూడా రాయండి. వంటమనిషి చెప్పిన కారణం, వార్డెన్ చెప్పిన కారణం, బిల్లు చెప్పే కారణం కొన్నిసార్లు మూడు రకాలుగా ఉంటాయి. మూడూ అలాగే ఉంచండి, మీరే ఒకదాన్ని ఎంచుకొని మిగతావి కొట్టేయకండి. 2225 పద్దు కావాలంటే బడ్జెట్ సంపుటాలు రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖల వెబ్‌సైట్లలో ఉంటాయి. అంకెలు వేలల్లో ఇచ్చారో, లక్షల్లో ఇచ్చారో పేజీ పైన చూసుకొని మరీ రాసుకోండి.